పావురాల టపా, టీపాట్ సంకేతం: సాంకేతిక పత్రాలలో హాస్యం

ఇంటర్నెట్‌లో వెతికిన పుట దొరకనప్పుడు తెరమీద 404 అనే అంకె కనపడటం మన విద్యార్థులకు బాగా తెలిసిన సంగతే. పుటను పంపవలసిన యంత్రం "అది నావద్ద లేదు" అని చెప్పటానికి వాడే సంకేతం అది. ఇటువంటి సంకేతాలు కొన్ని డజన్లు ఉన్నవి. 200 అంటే అంతా సవ్యంగా ఉన్నదని, 403 అంటే చూడటానికి అనుమతి లేదని, 500 అంటే పంపే యంత్రంలోనే ఏదో లోపం కలిగిందని అర్థం. వెబ్ పుటలను నిర్మించే వృత్తిలో ఉన్నవారు ఈ పట్టికను తరచు తిరగవేస్తుంటారు. అలా తిరగవేసేవారికి 417కూ 421కీ నడుమ ఒకచోట చిత్రమైన మాట తగులుతుంది. 418 అనే అంకెకు ఎదురుగా "నేను టీపాట్‌ను" అని ఉంటుంది.

ఇది ముద్రారాక్షసం కాదు. 1998 ఏప్రిల్ 1వ తేదీన లారీ మాసింటర్ అనే నిపుణుడు ప్రకటించిన ఒక పరిహాస పత్రంలో పుట్టి, క్రమంగా అసలు పట్టికలోకి వచ్చి కూర్చున్న మాట. ఇటువంటి పరిహాస పత్రాలు ఇంటర్నెట్ సాహిత్యంలో ఒక చిన్న శాఖగా పెరిగినవి. వీటిని చూచి నవ్వి ఊరుకొనేవారున్నారు. వీటివలన కాలహరణమేగాని లాభం లేదనేవారూ ఉన్నారు. కావ్యాన్నో నాటకాన్నో విమర్శించినట్లే వీటినీ విమర్శించవచ్చునని, మంచివేవో నాసివేవో తేల్చవచ్చునని నా అభిప్రాయం. తరగతిలో వీటిని ప్రస్తావించదలచిన ఉపాధ్యాయులకు ఆ తేడా తెలియటం చాలా అవసరం. మంచి పరిహాసం ఒక నియమాన్ని మనస్సుకు పట్టిస్తుంది. నాసిదైతే, లేక మంచిదానినే సగం సగం చెప్పితే, తప్పును మనస్సుకు పట్టిస్తుంది.

ముందుగా ఈ పత్రాల పుట్టుక గురించి నాలుగు మాటలు. దూరదూరాన ఉన్న కంప్యూటర్లు పరస్పరం మాట్లాడుకోవాలంటే వాటి నడుమ ఒప్పందాలు ఉండాలి. వాటినే ప్రోటోకాల్‌లు అంటారు. ఈ ఒప్పందాలను వివరించే పత్రాలకు "రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్" అని పేరు. పొడి అక్షరాలలో ఆర్.ఎఫ్.సి. అనగా "ఇది మా ఆలోచన, మీ అభిప్రాయం చెప్పండి" అని అడిగే పత్రం. మొదటిదానిని 1969 ఏప్రిల్ 7న స్టీవ్ క్రాకర్ వ్రాశారు. అప్పటికి ఆయన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యార్థి. శాసనం చేస్తున్నట్లు గాక సలహా అడుగుతున్నట్లు పేరు పెట్టటంలోనే ఒక వినయం ఉన్నది. ఆ వినయపు పేరు గల పత్రాల సంఖ్య ఇప్పటికి తొమ్మిది వేలు దాటినది. ప్రపంచంలోని ఇంటర్నెట్ అంతా వాటి ఆధారంతోనే నడుస్తున్నది.

ఇంత గంభీరమైన వరుసలో మొదటి ఏప్రిల్ పరిహాసం 1978లో వెలువడినది. మార్క్ క్రిస్పిన్ వ్రాసిన 748వ పత్రం అది. దూరపు కంప్యూటరు అప్పుడప్పుడు మన సమాచారాన్ని పోగొడుతూ ఉంటుంది గదా, ఆ పోగొట్టటాన్ని కూడా ఇరుపక్షాల అంగీకారంతో జరిగే ఒక సౌకర్యంగా చేద్దామన్నది అందులోని ప్రతిపాదన! ఆనాటి యంత్రాలతో అవస్థపడినవారికి ఎంత నవ్వు వచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చును. 1989 నుండి దాదాపు ప్రతి సంవత్సరమూ ఏప్రిల్ 1న ఒకటో రెండో ఇటువంటి పత్రాలు అసలు పత్రాల వరుసలోనే, అసలు అంకెలతోనే వస్తున్నవి.

వీటి హాస్యం ఎక్కడ ఉన్నది? పేరడీలు చదివినవారికి ఈ ప్రశ్నకు జవాబు తేలికగా తెలుస్తుంది. జరుక్ శాస్త్రిగారిని "పేరడీ శాస్త్రి" అని ఎందుకన్నారు? మూలకవి నడకను పట్టుకొని, దానిలో మరొక వస్తువును కూర్చటంలో ఆయన దిట్ట గనుక. నడక తప్పితే పేరడీ లేదు. ఏప్రిల్ పత్రాల సంగతీ అంతే. శీర్షిక, సంగ్రహం, నిర్వచనాలు, భద్రతకు సంబంధించిన హెచ్చరికలు, అన్నీ అసలు పత్రాలలో ఉన్నట్లే ఉండాలి. వ్రాసిన మనిషి పెదవి మీద నవ్వు కనపడరాదు.

ఈ కొలతతో చూస్తే అన్నిటిలోకీ ఉత్తమమైనది 1149వ పత్రమని నేననుకుంటాను. 1990 ఏప్రిల్ 1న డేవిడ్ వెయిట్జ్‌మన్ వ్రాశారు. ఉన్నది రెండు పుటలే. ఇంటర్నెట్ సమాచారాన్ని పావురాలవంటి పక్షుల ద్వారా పంపటానికి ప్రమాణాలు ఇందులో నిర్ణయించబడినవి. సమాచారపు పొట్లాన్ని సన్నని కాగితపు చుట్టమీద పదహారు అంకెల లెక్కలో అచ్చువేయాలి. కాగితాన్ని పక్షి కాలికి చుట్టి పట్టీ అంటించాలి. చేరినచోట దానిని విప్పి యంత్రంతో చదివించాలి. ఒక్కసారి మోయగల గరిష్ఠ పరిమాణాన్ని మామూలు పత్రాలు బైట్లలో చెపుతవి. ఈ పత్రం 256 మిల్లీగ్రాములని చెపుతుంది. పక్షులు ఒకదానికొకటి ఢీకొనకుండా తప్పుకొనే శక్తి వాటికి సహజంగానే ఉన్నదని, వసంతకాలపు తొలిరోజులలో మాత్రం కొంత అంతరాయం కలుగవచ్చునని కూడా జాగ్రత్తగా వ్రాసి ఉన్నది. వసంతంలో అంతరాయం ఎందుకో ఉపాధ్యాయులు తరగతిలో వివరించనక్కరలేదు.

పురుగులను కనిపెట్టి నిర్మూలించే ఏర్పాటు పక్షులలో పుట్టుకతోనే ఉన్నదట. ఈ మాటకు ఆనాటి వార్త ఒకటి నేపథ్యం. 1988 నవంబరులో మోరిస్ అనే విద్యార్థి విడిచిన ఒక ప్రోగ్రాము తనంతట తానే యంత్రం నుండి యంత్రానికి ప్రాకి, అమెరికాలో వేలకొలది కంప్యూటర్లను స్తంభింపజేసినది. అటువంటి ప్రోగ్రామును ఇంగ్లీషులో "వర్మ్" అంటారు, అనగా పురుగు. పక్షి పురుగును తినటం ప్రకృతిధర్మం గదా! అప్పటి పాఠకులకు ఈ వాక్యం తాజా వార్తమీద విసురు. ఈ కథ తెలియని నేటి విద్యార్థికి అది పక్షుల ఆహారాన్ని గురించిన వాక్యంగా మిగిలిపోతుంది.

అయితే ఈ పత్రం గొప్పతనం విసుర్లలో లేదు. పావురాల టపా ఇంటర్నెట్ నియమాలకు నిజంగానే లోబడి ఉన్నదన్నదే అసలు విశేషం. 1981లో 791వ పత్రంగా వెలువడిన ఇంటర్నెట్ ప్రోటోకాల్, తనను మోసే సాధనాన్ని గురించి చాలా తక్కువ అడుగుతుంది. పొట్లం ఆలస్యం కావచ్చును, దారిలో పోవచ్చును, వెనుకదానికంటె ముందుది తరువాత చేరవచ్చును. వాటినన్నిటినీ సరిదిద్దుకొనే బాధ్యత పై అంతస్తులోని మరొక ప్రోటోకాల్‌ది. మనం పోస్టుకార్డు వ్రాసి డబ్బాలో వేస్తాము. అది సైకిలుమీద పోయినదా, బస్సులో పోయినదా, రైలులో పోయినదా అన్నది వ్రాసినవారికిగాని అందుకొన్నవారికిగాని అనవసరం. పొడుగాటి ఉత్తరాన్ని పది కార్డులమీద వ్రాసి వరుస అంకెలు వేస్తే, అవి తారుమారుగా చేరినా చదువుకోవచ్చును. ఆరవ కార్డు రాకపోతే మళ్ళీ వ్రాయమని అడగవచ్చును. సాధనంతో నిమిత్తం లేకుండా ఒప్పందాన్ని అంతస్తులుగా విడదీయటమే ఇంటర్నెట్ నిర్మాణంలోని మూలసూత్రం. టెలిఫోను తీగ, గాజుతంతువు, రేడియో తరంగం, ఉపగ్రహం వీటన్నిటిమీద ఒకే ఇంటర్నెట్ నడవటానికి కారణం అదే. పావురాన్ని కూడా ఆ జాబితాలో చేర్చి చూపటంతో ఆ సూత్రం ఎంత దృఢమైనదో తెలిసినది. నేను బి.యస్సీ. తరగతిలో ఈ సూత్రాన్ని బొమ్మలు గీచి చెప్పినప్పటికంటె పావురంతో మొదలుపెట్టినప్పుడే విద్యార్థులు ఎక్కువ ప్రశ్నలు అడిగారు.

పత్రం వెలువడిన పదకొండేళ్ళకు, 2001 ఏప్రిల్ 28న, నార్వే దేశంలోని బెర్గెన్ పట్టణంలో లినక్స్ ఔత్సాహికుల సంఘంవారు దీనిని నిజంగానే చేసి చూశారు. ఒక యంత్రం నుండి మరొకదానికి "ఉన్నావా?" అని తొమ్మిది పొట్లాలు పంపారు. నాలుగింటికి జవాబు వచ్చినది. తొందరగా వచ్చిన జవాబుకు సుమారు 53 నిమిషాలు, అన్నిటికంటె ఆలస్యంగా వచ్చినదానికి సుమారు గంటా 46 నిమిషాలు పట్టినది. మామూలు తీగమీద ఈ పని సెకనులో అతి స్వల్పభాగంలో అయిపోతుంది. అయినా కంప్యూటరులోని ప్రోగ్రాము ఏమీ తికమకపడలేదు. మామూలుగా వచ్చిన జవాబులను కొలిచినట్లే వీటినీ కొలిచి, సగానికిపైగా పొట్లాలు పోయినవని నివేదిక అచ్చువేసినది. పరిహాసం ప్రయోగశాలలో నెగ్గినదన్నమాట. సాహిత్యంలోని ప్రహసనాలకు ఈ భాగ్యం లేదు.

ఇక వార్తాపత్రికల చేతిలో ఈ పావురం ఏమైనదో చూద్దాము. 2009 సెప్టెంబరులో దక్షిణాఫ్రికాలోని ఒక చిన్న కంపెనీ, తమ ఊళ్ళో ఇంటర్నెట్ ఎంత మెల్లగా ఉన్నదో లోకానికి చాటటానికి విన్‌స్టన్ అనే పావురం కాలికి 4 గిగాబైట్ల సమాచారం గల చిన్న కార్డు కట్టి వదిలినది. హౌవిక్ నుండి డర్బన్ దగ్గరకు సుమారు 80 కిలోమీటర్లను పావురం గంటా 8 నిమిషాలలో దాటినది. కార్డులోని సమాచారాన్ని యంత్రంలోకి ఎక్కించటంతో కలిపి మొత్తం 2 గంటల 7 నిమిషాలు పట్టినది. ఆ సమయంలో టెలిఫోను తీగమీద ప్రయాణమైన సమాచారం నూటికి నాలుగు పాళ్ళు మాత్రమే. మరునాడు ప్రపంచమంతటా "ఇంటర్నెట్‌కంటె పావురమే వేగం" అన్న శీర్షికలు వచ్చినవి.

ఆ శీర్షిక అబద్ధం కాదుగాని సత్యమూ కాదు. లెక్క వేద్దాము. 4 గిగాబైట్లు అనగా సుమారు 3,200 కోట్ల బిట్లు. 2 గంటల 7 నిమిషాలు అనగా సుమారు 7,600 సెకనులు. భాగిస్తే సెకనుకు సుమారు 42 లక్షల బిట్లు. అది పావురపు దారి. అందులో నూటికి నాలుగు పాళ్ళే తీగ మోసినది గనుక తీగ దారి సెకనుకు సుమారు 1 లక్షా 68 వేల బిట్లు. మోసిన మొత్తాన్ని చూస్తే పావురం ఇరవైఅయిదు రెట్లు మిన్న. కాని తీగమీద మొదటి బిట్టు చేరటానికి సెకను కూడా పట్టదు. పావురంతో అయితే మొదటి బిట్టుకు గంటకుపైగా ఆగాలి. ఇంటి కుళాయి సన్నగా కారుతూ ఉంటుంది, కాని చెంబు పట్టగానే నీళ్ళు వస్తవి. ట్యాంకరు లారీ ఒక్కసారి అయిదు వేల లీటర్లు తెస్తుంది, కాని సాయంత్రానికిగాని రాదు. దాహం వేసినవారికి ట్యాంకరు వేగమని చెప్పితే నమ్ముతారా? ఆలస్యం వేరు, మోయగల శక్తి వేరు. బెర్గెన్ పావురాలు మొదటిదానిలో ఓడినవి, డర్బన్ పావురం రెండవదానిలో గెలిచినది. ఈ రెండు ప్రయోగాలను ప్రక్కప్రక్కన పెట్టి చెప్పితే ఎంతో చక్కని పాఠం అవుతుంది. ఒక్కదానినే పట్టుకొన్న వార్తలు "వేగం" అనే ఒక్కమాటలో రెండిటినీ కలిపి, చదివినవారి మనస్సులో గందరగోళాన్ని మిగిల్చినవి. చాలామంది విద్యార్థులు పరీక్షలలో ఈ తేడా దగ్గరనే తడబడతారు.

డర్బన్ కంపెనీ చేసినది ఆటే అయినా దాని వెనుక ఒక బాధ ఉన్నది. 1990లో ధనికదేశపు పరిశోధకుడు పావురం పేరు ఎత్తి నవ్వించగలిగాడు, అతనికి మంచి తీగలు ఉన్నవి గనుక. తీగ సరిగా లేనివారి చేతిలో అదే పావురం ఫిర్యాదు అయినది. ఆ మాటకువస్తే మన ప్రక్కనున్న ఒడిశాలో పావురం హాస్యమూ కాదు, ఫిర్యాదూ కాదు, ఉద్యోగి. 1946లో కోరాపుట్ జిల్లాలో మొదలైన పోలీసు పావురాల టపా దశాబ్దాలపాటు పనిచేసినది. 1999 పెనుతుపానులో తీగలూ రేడియోలూ పాడైనప్పుడు కూడా వార్తలు మోసినది. 1149వ పత్రం చదివి నవ్వేవారికి ఈ సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది.

పావురాల పత్రానికి తరువాత రెండు అనుబంధాలు వచ్చినవి. 1999 నాటి 2549వ పత్రం పక్షుల టపాలో తరగతులు ఏర్పరచినది. 2011 నాటి 6214వ పత్రం దానిని క్రొత్త చిరునామాల పద్ధతికి మార్చినది. మొదటిదానిలో రెండు పుటలలో ఉన్న బిగువు వీటిలో లేదు. నవ్వించిన మాటనే సాగదీస్తే పలచబడక తప్పదు.

టీపాట్ పత్రానికి మళ్ళీ వద్దాము. 2324వ అంకె గల ఈ పత్రం కాఫీయంత్రాలను ఇంటర్నెట్ ద్వారా నడపటానికి నియమాలు చెపుతుంది. కాఫీ కాచమని టీపాట్‌ను ఆజ్ఞాపిస్తే అది 418 అని బదులు చెప్పాలి. ఆ రోజులలో వెబ్ పుటల కొరకు ఏర్పడిన ప్రోటోకాల్‌ను ప్రతివారూ తమకు తోచిన పనికల్లా సాగదీస్తూ ఉండటంమీద మాసింటర్ వేసిన చురక ఇది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కంప్యూటరు శాస్త్రజ్ఞులు 1991 నుండి తమ కాఫీపాత్రకు ఎదురుగా కెమేరా పెట్టి, కాఫీ ఉన్నదో లేదో గదులలో కూర్చొనే చూసేవారు. 1993 నుండి 2001 వరకు ఆ పాత్రను వెబ్‌లో లోకమంతా చూసినది. కనుక కాఫీయంత్రానికి ప్రోటోకాల్ అన్నది కేవలం గాలిమాట కాదు. నేడు దీపాలు, పంకాలు, బట్టలుతికే యంత్రాలు ఇంటర్నెట్‌కు తగిలించబడినవి. చురక ఉద్దేశించినదానికి సరిగ్గా విరుద్ధంగా లోకం నడిచినది.

418 కథలో అసలు చిక్కు 2017లో వచ్చినది. ఈ ప్రోటోకాల్ నిపుణుల సంఘానికి అధ్యక్షుడుగా ఉన్న మార్క్ నాటింగ్‌హామ్, కొన్ని ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్‌లలో చేరిన 418ని తీసివేయవలసినదిగా కోరారు. ఆయన వాదం సబబైనదే. 400 నుండి 499 వరకు ఉన్న అంకెలు వందే. వాటిలో ఒకదానిని హాస్యానికి ధారపోస్తే రేపు నిజమైన అవసరానికి ఆ అంకె దొరకదు. పైగా మాసింటర్ పత్రంలో అది కాఫీయంత్రపు ప్రోటోకాల్‌కు చెందిన సంకేతమేగాని వెబ్ పుటలకు చెందినది కాదు. కాని ప్రోగ్రాములు వ్రాసేవారు లోకమంతటినుండీ గోల చేశారు. పదిహేనేళ్ళ బాలుడొకడు దానిని కాపాడాలని ఉద్యమమే లేవదీశాడు. చివరకు 2022లో వెలువడిన 9110వ పత్రంలో 418 "వాడబడని" అంకెగా ప్రత్యేకించబడినది. ఇదివరకే హాస్యంగా వ్యాప్తిలోకి వచ్చినందున దానిని మరొక పనికి కేటాయించటానికి వీలులేదని ఆ పత్రం తాత్పర్యం. నాటింగ్‌హామ్ వాదం నెగ్గవలసినదని నా అభిప్రాయం. ఉద్యమకారులు కాపాడినది అంకెను మాత్రమే. మాసింటర్ చురక ఎవరికి తగలాలని వేశారో అది వారిలో ఎంతమందికి జ్ఞాపకమున్నది? అర్థం మరచిన తరువాత పరిహాసం ఆచారమవుతుంది, ఆచారం పట్టికలో ఒక గడిని ఆక్రమిస్తుంది.

దీనితో పోల్చితే 2003 నాటి 3514వ పత్రం పదును తగ్గలేదు. వ్రాసినవారు స్టీవెన్ బెలోవిన్, భద్రతా విషయాలలో పేరుపొందిన శాస్త్రజ్ఞులు. ఇంటర్నెట్ పొట్లపు శీర్షభాగంలో ఎన్నడూ వాడని బిట్టు ఒకటి ఉన్నది. దానికి "దుష్ట బిట్" అని పేరుపెట్టి, చెడు ఉద్దేశంతో పంపే పొట్లాలన్నిటిలోనూ దానిని 1 చేయవలెనని, మంచివాటిలో 0 ఉంచవలెనని ఆయన విధించారు. అప్పుడు కావలి యంత్రాలకు పని ఎంత సుళువు! కన్నం వేయబోయే దొంగ ముందుగా తలుపు తట్టి "అయ్యా, నేను దొంగను" అని చెప్పుకోవలెనని శాసించినట్లున్నది. నవ్వు వస్తుంది. కాని పిల్లలకు హాని కలిగించే పుటలలోకి పోయేముందు "మీకు పద్దెనిమిదేళ్ళు నిండినవా?" అని అడిగి, "నిండినవి" అంటే లోనికి వదలే ఏర్పాటు దీనికంటె ఎంత మెరుగు? తప్పు చేసేవాడి మాటమీదనే ఆధారపడే రక్షణ రక్షణ కాదన్న సూత్రాన్ని ఈ పత్రం ఒక్క బిట్టుతో చెప్పినది. భద్రతను బోధించేవారు మొదటి రోజున చదివించదగిన పత్రం ఇది.

ఇవన్నీ ఇంగ్లీషులో, ఒక వృత్తివారి లోగుట్టు భాషలో ఉన్నవి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి 418 ఎదురైతే రెండు ప్రమాదాలు. అది నిజమేనని నమ్మి జ్ఞాపకం పెట్టుకొంటాడు. లేదా అందరూ నవ్వుతుంటే తనకు నవ్వు రానందుకు తానే తెలివితక్కువవాడినని కుమిలిపోతాడు. రెండవది మొదటిదానికంటె చెడ్డది. నా విద్యార్థులలో కొందరు అటువంటి సమయంలో ఊరకనే నవ్వినట్లు నటించటం చూశాను. పత్రం తేదీ చూడటం, దానిలో పాటించిన అసలు నియమమేదో వెతకటం, ఎక్కడ దాటారో గుర్తించటం, ఈ మూడూ నేర్పితే ఈ పత్రాలు వారికీ స్వంతమవుతవి.

ఉన్నత పాఠశాల తరగతులకు పనికివచ్చే లెక్క ఒకటి ఇస్తాను. 1 టెరాబైటు, అనగా సుమారు 8 లక్షల కోట్ల బిట్లు పట్టే చిన్న కార్డులు 2019 నుండి అమ్మకానికి వచ్చినవి. కార్డు బరువు సుమారు పావు గ్రాము. వెయిట్జ్‌మన్ విధించిన 256 మిల్లీగ్రాములకు ఇంచుమించు సరిపోతుంది. విన్‌స్టన్ దానిని మోసుకొని అదే దూరం అదే గంటా 8 నిమిషాలలో ఎగిరినదనుకొంటే సెకనుకు ఎన్ని బిట్లు మోసినట్లు? ఆ తరువాత కార్డునుండి సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున యంత్రంలోకి ఎక్కించటానికి ఎంతసేపు పడుతుందో కూడా కట్టి, రెండిటినీ కలిపి మళ్ళీ భాగించవలెను.